గిజా స్ఫింక్స్ వయసు ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

పిరమిడ్ల మీద తెలుగులో ఒక్క వీడియో చూస్తే చాలు, దాని వెనకే పది వరస కడతాయి. వాటిలో రెండు మూడైనా స్ఫింక్స్ వయసు మీదే ఉంటాయి. "పన్నెండు వేల ఏళ్ల నాటిదట, మనకు చెప్పకుండా దాచారట" అని. ఈ విషయం మీద చాలా ఏళ్లుగా చదువుతున్నాను. మొదట్లో నేనూ ఆ పాత వయసునే నమ్మాను. అందుకే అడిగేవాళ్లంటే నాకు చిరాకు లేదు. ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు తెలిసినంతవరకు ఇక్కడ జవాబులు రాశాను.

అసలు గొడవ దేని గురించి?

స్ఫింక్స్ కైరో పక్కన గిజా పీఠభూమి మీద ఉంది. సింహం ఒళ్లు, మనిషి తల. పొడవు సుమారు 73 మీటర్లు, ఎత్తు 20 మీటర్లు. ఇది వేరే చోట చెక్కి తెచ్చి నిలబెట్టింది కాదు. కొండరాయిని చుట్టూ కోసి తీసేసి, మధ్యలో మిగిలిన దిమ్మనే విగ్రహంగా మలిచారు. కాబట్టి స్ఫింక్స్ ఒక పెద్ద గోతిలో కూర్చుని ఉంటుంది. ఆ గోతి గోడలను గుర్తుపెట్టుకోండి, కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

దీన్ని నాలుగో వంశపు రాజు ఖఫ్రే చెక్కించాడని, అంటే క్రీ.పూ. 2500 ప్రాంతం నాటిదని ఎక్కువమంది పురావస్తు శాస్త్రవేత్తల అభిప్రాయం. కాదు, దీని వయసు అంతకు రెండింతలో మూడింతలో ఉంటుందనేది అవతలి వాదన.

ఆ వాదన ఎవరు మొదలుపెట్టారు?

స్ఫింక్స్ ఒంటి మీద నీటి కోత ఉందన్న మాట ష్వాలర్ ద లుబిజ్ అనే ఫ్రెంచి రచయిత రాతల్లో ఉంది. అమెరికన్ రచయిత జాన్ ఆంథనీ వెస్ట్ దాన్ని పట్టుకున్నారు. ఒక భూగర్భ శాస్త్రవేత్త చూసి చెబితేనే లోకం వింటుందని ఆయనకు తెలుసు. బోస్టన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే రాబర్ట్ షోక్‌ను 1990లో గిజాకు తీసుకెళ్లారు. 1991 అక్టోబరులో అమెరికా భూగర్భ శాస్త్రవేత్తల సమావేశంలో షోక్ తన వాదన వినిపించారు. మరుసటి ఏడాది షికాగోలో జరిగిన పెద్ద సైన్స్ సభలో దాని మీద బహిరంగంగా చర్చ జరిగింది.

మొదట్లో షోక్ చెప్పింది క్రీ.పూ. 7000-5000 మధ్య. తర్వాత దాన్ని మంచుయుగం చివరి దాకా, అంటే క్రీ.పూ. 9700 ప్రాంతానికి వెనక్కి జరిపారు. వీడియోల్లో వినిపించే "పన్నెండు వేల ఏళ్లు" అక్కడి నుంచి వచ్చిందే.

షోక్ చూపించే ఆధారం ఏమిటి?

గోతి పడమటి గోడ. దాన్ని దగ్గర నుంచి తీసిన ఫొటో చూస్తే మీకూ ఆగి చూడాలనిపిస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన దిండ్లలా రాతి పొరలు ఉబ్బెత్తుగా గుండ్రం తిరిగి ఉంటాయి. వాటికి అడ్డంగా పైనుంచి కిందికి లోతైన చీలికలు దిగి ఉంటాయి. గాలి, ఇసుక కోస్తే మెత్తని పొరలు మాత్రమే లోపలికి పోవాలి. గట్టి పొరల అంచులు వాడిగా మిగలాలి. ఇక్కడ గట్టి పొరలు కూడా గుండ్రబడ్డాయి కాబట్టి ఇది పైనుంచి జారిన వాన నీటి పని అంటారు షోక్.

ఆయన మరో లెక్క కూడా చూపిస్తారు. స్ఫింక్స్ తన జీవితంలో ఎక్కువ కాలం మెడ దాకా ఇసుకలో కూరుకుపోయే ఉంది. ఇసుక కప్పి ఉంటే వాన తగలదు, గాలి తగలదు. మరి ఇంత కోత ఎప్పుడు పడింది? సహారా పచ్చగా ఉన్న రోజుల్లోనే పడి ఉండాలి. ఆ పచ్చదనం క్రీ.పూ. 3000 నాటికి చాలావరకు పోయింది. కాబట్టి విగ్రహం అంతకు ముందుదే అయి ఉండాలి.

ఇది తేలిగ్గా కొట్టిపారేయాల్సిన వాదన కాదు. ఒక భూగర్భ శాస్త్రవేత్త రాయిని చూసి అడిగిన ప్రశ్న ఇది. దీనికి రాయిలోంచే జవాబు రావాలి.

రాయిలోంచి జవాబు వచ్చిందా?

వచ్చింది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఈజిప్టు దాకా వెళ్లక్కర్లేదు. చెమ్మ పట్టిన పాత ఇంటి గోడ దగ్గరికి వెళ్లండి. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా తెల్లగా ఉప్పు పొంగి ఉంటుంది. వేలితో తడితే సున్నం పొట్టుపొట్టుగా రాలుతుంది. రంగు వేసినా ఆరు నెలల్లో మళ్లీ ఉబ్బుతుంది. నీరు గోడలోకి ఎక్కుతుంది, ఆరిపోతుంది, అందులోని ఉప్పు మాత్రం లోపల గడ్డకడుతుంది. గడ్డకట్టినప్పుడు అది పెరిగి, పొరను లోపలి నుంచి బయటికి తోస్తుంది.

స్ఫింక్స్‌కు జరిగేదీ ఇదే అన్నారు లాల్ గౌరి అనే భూగర్భ శాస్త్రవేత్త. అక్కడి సున్నపురాయిలో సహజంగానే ఉప్పు ఉంది. రాత్రి మంచు పడుతుంది, రాయి పీల్చుకుంటుంది, పొద్దున ఎండకు ఆరిపోతుంది. రోజూ ఇదే తంతు. స్ఫింక్స్ ఒంటి భాగం మెత్తని పొర, గట్టి పొర వంతులవారీగా ఉన్న రాయి. తల మాత్రం పైనున్న గట్టి రాయి. అందుకే తల కన్నా ఒళ్లు ఎక్కువ దెబ్బతింది. ఇక ఆ నిలువు చీలికల్లో చాలావరకు, మనిషి అక్కడికి రాకముందే లక్షల ఏళ్ల కిందట భూగర్భ జలాలు చేసినవని ఆయన వివరణ. గోతి తవ్వినప్పుడు అవి బయటపడ్డాయి, అంతే.

ఈ అరుగుదల ఇప్పటికీ ఆగలేదు. 1988లో స్ఫింక్స్ భుజం నుంచి పెద్ద రాయి ఊడిపడింది. వానలు కురిసిన కాలం పోయి వేల ఏళ్లయినా రాయి ఇంత వేగంగా పాడవుతోందంటే, ఇప్పుడున్న కోతను చూసి "ఇన్ని వేల ఏళ్లు పట్టి ఉంటుంది" అని గీత గీయడం కుదరదు.

అంటే గిజాలో వానలే కురవలేదా?

కురిశాయి. ఈ పిరమిడ్లు కట్టిన పాత రాజ్య కాలంలో అప్పుడప్పుడు కుండపోత వానలు పడేవి. మూడో పిరమిడ్ కట్టించిన మెన్‌కౌరే లోయ గుడి ఆ కాలంలోనే వరద నీటికి దెబ్బతింది. దీనికి షోక్ దగ్గర ఎదురు ప్రశ్న ఉంది. గిజాకు దగ్గర్లోని సఖారాలో క్రీ.పూ. 2800 నాటి పచ్చి ఇటుక సమాధులు అంతగా కరిగిపోలేదే అని. న్యాయమైన ప్రశ్నే. కానీ పీఠభూమి వాలున గోతిలో ఉన్న గోడ మీదికి చుట్టుపక్కల నీరంతా వచ్చి పడుతుంది. గట్టు మీద ఉన్న సమాధి పరిస్థితి వేరు.

నీటి కోతను ఒప్పుకునేవాళ్లలోనూ అందరూ పన్నెండు వేల ఏళ్లు అనరు. ఇంగ్లండుకు చెందిన కోలిన్ రీడర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పడమటి గోడ కోత వరద నీటిదే అంటారు. ఖఫ్రే తండ్రి, పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫు కాలంలో స్ఫింక్స్‌కు పడమట రాతి గనులు తవ్వారు. ఆ తర్వాత నీరు గనుల్లోకి పోతుంది తప్ప ఇటు రాదు. కాబట్టి గోతి అంతకు ముందే ఉండాలనేది ఆయన తర్కం. అయినా ఆయన వెనక్కి వెళ్లింది కొన్ని వందల ఏళ్లే, తొలి రాజవంశాల కాలం దాకా. నీటి కోత నిజమే అనుకున్నా వయసు ఒక్కసారిగా మంచుయుగంలోకి దూకదు. వీడియోల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు, నాకు బాధ కలిగించేది అదే.

ఖఫ్రే చెక్కించాడని ఎక్కడైనా రాసి ఉందా?

లేదు. ఆ కాలపు శాసనం ఒక్కటి కూడా లేదు. స్ఫింక్స్ ముందు కాళ్ల మధ్య ఉన్న శిలాఫలకం నాలుగో థుట్మోస్ అనే రాజు వేయించింది, క్రీ.పూ. 1400 ప్రాంతంది. అంటే వెయ్యేళ్లకు పైగా తర్వాతది. అందులో "ఖఫ్" అనే అక్షరాలు ఉన్న వరుస ఉండేది. అది పెచ్చులూడి పోయింది. దాని మీద మాత్రమే ఆధారపడితే వాదన బలహీనమే.

అసలు బలం రాళ్లలో ఉంది. గోతిలోంచి కోసి తీసిన దిమ్మలు ఎటు పోయాయి? ఎదురుగా ఉన్న స్ఫింక్స్ గుడికి, ఆ చుట్టుపక్కల కట్టడాలకు. థామస్ ఐగ్నర్ అనే జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త 1980ల మొదట్లో అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త మార్క్ లేనర్‌తో కలిసి గుడి దిమ్మల్లోని పొరలను, శిలాజాలను స్ఫింక్స్ ఒంటి పొరలతో పోల్చి చూశారు. ఏ దిమ్మ ఏ పొరలోంచి వచ్చిందో గుర్తుపట్టగలిగారు. కాబట్టి స్ఫింక్స్, దాని గుడి ఒకే పనిలో భాగం. ఆ గుడి పక్కనే, అదే వరుసలో, అదే తీరున కట్టిన ఖఫ్రే లోయ గుడి ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఆధారం ఒక కాలువ. ఖఫ్రే పిరమిడ్ నుంచి లోయ గుడికి దిగే రాజబాట పక్కన వాన నీరు పోవడానికి రాతిలో తొలిచిన చిన్న కాలువ ఉంది. అది నేరుగా స్ఫింక్స్ గోతి మూలలోకి తెరుచుకుంటుంది. దాన్ని గ్రానైట్ ముక్కలతో మూసేశారు. గోతి ముందే ఉంటే దేవుడి విగ్రహం మీదికి మురుగు వదిలేలా ఎవరైనా కాలువ తవ్వుతారా? ముందు బాట, కాలువ వచ్చాయి. తర్వాత గోతి తవ్వుతుంటే కాలువ తెగింది, మూశారు. రోడ్డు వేశాక పైపులైను గుర్తొచ్చి మళ్లీ తవ్విన వీధిలో ఉండేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ఖుఫు కన్నా ముందే స్ఫింక్స్ ఉందని చెప్పే శాసనం ఉందట కదా?

ఇన్వెంటరీ శిలాఫలకం అంటారు. 1858లో దొరికింది. ఖుఫు నాటికే స్ఫింక్స్ ఉన్నట్టు అందులో ఉన్న మాట నిజమే. కానీ అది చెక్కింది 26వ వంశం కాలంలో, ఖుఫు పోయిన సుమారు 1,900 ఏళ్లకు. ఐసిస్ దేవతను అందులో "పిరమిడ్ల యజమానురాలు" అన్నారు. ఖుఫు కాలంలో ఆ బిరుదే లేదు. మన స్థలపురాణాల్లో గుడిని కృతయుగం దాకా తీసుకెళ్లినట్టు, ఐసిస్ గుడి పూజారులు తమ దేవతకు ప్రాచీనత కట్టబెట్టారు.

ఈజిప్టు చరిత్ర ఎంత పొడవో మనకు ఊహకు అందదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీ ఉంది కదా, అది క్రీ.పూ. 300-100 మధ్యదని చెబుతారు. ఆ అమ్మాయి బతికున్న రోజులు మనకు ఎంత పాతవో, ఆమెకు స్ఫింక్స్ దాదాపు అంత పాతది.

తల అంత చిన్నగా ఎందుకుంది? సింహం తలను తర్వాత చెక్కి మార్చారా?

తల ఒంటికి తగ్గట్టు లేదన్నది కళ్లకు కనిపిస్తుంది. దానికి ఒక వివరణ, ఒంటి వెనక భాగంలో రాతికి ఉన్న పెద్ద చీలిక. దాన్ని దాటించడానికి ఒంటిని పొడిగించాల్సి వచ్చిందని లేనర్ అంటారు. ముఖం ఖఫ్రేది కాదని, ఆయన తండ్రి ఖుఫుదని జర్మన్ పండితుడు రైనర్ స్టాడెల్‌మన్ వాదించారు. ఖఫ్రే అన్న జెదెఫ్రే చెక్కించాడన్నవాళ్లూ ఉన్నారు. ఈ తగాదా నిజమైనదే. కానీ అందరూ ఒకే కుటుంబంలోని రాజులు, తేడా కొన్ని పదుల ఏళ్లే.

నక్షత్రాల లెక్క ప్రకారం క్రీ.పూ. 10,500 వస్తుందట?

మూడు పిరమిడ్లు ఓరియన్ నడికట్టులోని మూడు నక్షత్రాల్లా ఉన్నాయని, మనం గొల్లకావడి అని పిలుచుకునే ఆ మూడింటి గురించే, 1994లో రాబర్ట్ బోవాల్ ప్రచారం చేశారు. క్రీ.పూ. 10,500లో ఆకాశం గిజాకు సరిపోలుతుందని, అప్పుడు స్ఫింక్స్ తూర్పున సింహరాశిని చూస్తూ ఉండేదని వాదన. పిరమిడ్ల వరుస ఆకాశంతో కలవాలంటే పటాన్ని తలకిందులు చేయాలని ఖగోళ శాస్త్రవేత్త ఎడ్ క్రప్ చూపించారు. పైగా ఆ నక్షత్రాల్లో సింహాన్ని చూసినవాళ్లు మెసొపొటేమియా వాళ్లు, అదీ ఎన్నో వేల ఏళ్ల తర్వాత. ఈ 10,500 సంఖ్య అంతకు ముందే "దివ్యదృష్టి" ఉందని పేరు పడ్డ ఎడ్గర్ కేసీ అనే అమెరికన్ మాటల్లో ఉంది.

కార్బన్ డేటింగ్ చేసి తేల్చేయొచ్చు కదా?

రాతికి కార్బన్ డేటింగ్ ఉండదు. ఒకప్పుడు ప్రాణమున్న వస్తువు కావాలి, బొగ్గు, కర్ర, గింజ, ఎముక లాంటిది. స్ఫింక్స్ చెక్కిన రాయిలో అతుకులూ లేవు, అడుసూ లేదు. పిరమిడ్లలో ఉంది. ఆ అడుసులో చిక్కుకున్న బొగ్గు ముక్కలను 1984లో, మళ్లీ 1995లో పరీక్షించారు. చరిత్రకారుల లెక్క కన్నా మొదటిసారి సగటున 374 ఏళ్లు, రెండోసారి 100-200 ఏళ్లు ఎక్కువ వచ్చింది. పాత కర్రలు, పాత సామాను కాల్చినందువల్ల ఈ తేడా అని వివరణ. ఏదేమైనా ఎనిమిది వేల ఏళ్ల తేడా ఎక్కడా రాలేదు.

గోబెక్లి టెపే దొరికాక ఇదంతా మారిపోలేదా?

ఒక విషయం మారింది. టర్కీలోని గోబెక్లి టెపేలో 1995 నుంచి క్లాస్ ష్మిట్ బృందం తవ్వి తీసిన రాతి స్తంభాలు క్రీ.పూ. 9500 ప్రాంతంవి. కొన్ని ఐదు మీటర్ల పైనే. వ్యవసాయం ఇంకా కుదురుకోని మనుషులు అవి నిలబెట్టారు. "అప్పట్లో ఎవరికీ అంత చేతకాదు" అని షోక్ మీద వేసిన ఒక ఆక్షేపణ దీంతో పడిపోయింది. ఆ మాట నేను మనసారా ఒప్పుకుంటాను.

అయితే గోబెక్లి టెపేలో స్తంభాలతో పాటు చెకుముకి పనిముట్లు, వేటాడి తిన్న జంతువుల ఎముకలు, తిరగలి రాళ్లు కుప్పలుగా దొరికాయి. చేసినవాళ్ల ఆనవాళ్లు అక్కడే ఉన్నాయి. గిజాలో క్రీ.పూ. 9700 నాటి అలాంటి కుప్ప ఏదీ?

ఇండొనేషియాలో 25,000 ఏళ్ల పిరమిడ్, మన ఖంభాత్‌లో మునిగిన నగరం?

రెండిటిలో జరిగిన పొరపాటు ఒకటే. పశ్చిమ జావాలోని గునుంగ్ పడాంగ్ కొండ అడుగున మట్టి అంత పాతదని 2023లో ఒక పరిశోధనా వ్యాసం వచ్చింది. ఆ మట్టికి మనిషి చేతి పనికి సంబంధం చూపలేదని 2024 మార్చిలో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. 2001లో ఖంభాత్ సింధుశాఖ అడుగు నుంచి తీసిన కర్ర ముక్కకు సుమారు 9,500 ఏళ్లు అన్నారు. కర్ర పాతదే కావచ్చు. కానీ భయంకరమైన పోటు ప్రవాహాలున్న చోట గాలించి తీసిన కర్ర, ఏ గోడలోనూ ఇరుక్కుని దొరకలేదు. మీ పెరట్లో మట్టి వేల ఏళ్లది. దాని మీద కట్టిన ఇల్లు మాత్రం మీ తాతగారిది.

మన దగ్గర వయసు ఇలాగే తేల్చినవి ఉన్నాయా?

బూడిద దిబ్బలు. బళ్ళారి దగ్గర కుడతిని దిబ్బ భీముడు చంపిన రాక్షసుణ్ణి కాల్చిన బూడిదని జనం చెప్పుకునేవారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త అలాంటి దిబ్బనే తవ్వారు. అది కాలిన పేడ. కొత్త రాతియుగపు పశువుల దొడ్డి, మళ్లీ మళ్లీ కాల్చింది. ఆ పొరల్లో పశువుల గిట్టల గుర్తులు అచ్చు పడి ఉన్నాయి. క్రీ.పూ. మూడో సహస్రాబ్ది నాటివి. అక్కడ స్ఫింక్స్ చెక్కిన సహస్రాబ్దిలోనే ఇక్కడ మన పశువుల కాపరులు సాయంత్రం మందను దొడ్లోకి తోలుతున్నారు. నాకైతే ఏ రాక్షసుడి కథ కన్నా ఆ గిట్టల గుర్తులే ఒళ్లు పులకరింపజేస్తాయి.

పండితులు కొత్త మాటను రానివ్వరు కదా?

కొందరికి అహంకారం ఉంది, షోక్‌తో దురుసుగా మాట్లాడినవాళ్లూ ఉన్నారు. కానీ మార్క్ లేనర్ సంగతి చూడండి. 1970లలో ఆయన ఈజిప్టుకు వెళ్లిందే కేసీ అనుయాయుల సాయంతో, స్ఫింక్స్ కింద రహస్య గ్రంథాలయం ఉందన్న నమ్మకంతో. రాళ్లు ఆయనకు వేరే కథ చెప్పాయి. నమ్మకాన్ని వదులుకుని, 1979 నుంచి స్ఫింక్స్‌ను రాయి రాయి కొలిచి పటం గీశారు. తర్వాత పిరమిడ్ పనివాళ్ల ఊరిని తవ్వి, వాళ్ల రొట్టెల పొయ్యిలను, తిన్న మాంసం ఎముకలను బయటపెట్టారు.

ముక్కు నెపోలియన్ సైన్యమే పగలగొట్టిందా?

కాదు. 1737లో నార్డెన్ అనే డేనిష్ ప్రయాణికుడు గీసిన బొమ్మలోనే ముక్కు లేదు. నెపోలియన్ అప్పటికి పుట్టలేదు.

ఎప్పుడు కట్టారన్నదాని మీద మీకు ఇంత పట్టుదల ఎందుకు?

వయసుతో పాటు కట్టినవాళ్లు కూడా మారిపోతారు కాబట్టి. 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాది అల్ జర్ఫ్‌లో పియర్ టాలే బృందానికి పపైరస్ చుట్టలు దొరికాయి. అందులో మెరెర్ అనే మేస్త్రీ రోజువారీ డైరీ ఉంది. తురా గనుల్లో సున్నపురాయి పడవలకు ఎక్కించాం, గిజాకు చేర్చాం, మళ్లీ వచ్చాం అని. ఖుఫు పిరమిడ్ పని అది. 1990లో ఒక గుర్రం కాలు పచ్చి ఇటుక గోడకు తగిలి తడబడితే పనివాళ్ల సమాధులు బయటపడ్డాయి. వీళ్లకు పేర్లున్నాయి, జట్లున్నాయి, కూలి లెక్కలున్నాయి. వాళ్ల చెమటను తీసి ఎవరో తెలియని మాయమైన నాగరికతకు రాసివ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఏం దొరికితే మీరు మనసు మార్చుకుంటారు?

గోతి అడుగున లేదా గుడి పునాది కింద, ఎవరూ కదపని పొరలో, క్రీ.పూ. 9000 నాటి పొయ్యి బొగ్గు, దాని పక్కనే ఈ రాయిని చెక్కిన పనిముట్లు దొరికితే చాలు. వేల టన్నుల రాయి కోసినవాళ్లు అక్కడే వండుకుని తిని ఉండాలి, విరిగిన సుత్తులు అక్కడే పారేసి ఉండాలి. అది దొరికిన రోజు ఈ పేజీని మొదటి నుంచి మళ్లీ రాస్తాను. ఇప్పటిదాకా అక్కడ దొరికినవి రాతి సుత్తులు, పాత రాజ్య కాలపు కుండపెంకులు, సగం లాగి వదిలేసిన దిమ్మలు.